మూఢంలో కొన్న కంప్యూటరు

ప్రతిసారీ అరవై ఎనిమిది శాతం దగ్గరే ఆగిపోయేది. పచ్చ గీత ఎడమవైపు నుంచి మెల్లగా పాకుతూ వచ్చి, సగం దాటి, ఇక అయిపోయినట్టేనని మనం ఊపిరి పీల్చుకునేలోపు ఒక ఎర్ర గుర్తు చూపించి చతికిలబడేది. ఆ మధ్యాహ్నం ఆ ఎర్ర గుర్తును నేను ఏడుసార్లు చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అయితే ఆ మంట కంప్యూటరు మీద కాదు. కంప్యూటరు పాపం తనకు తెలిసిన నిజం తాను చెబుతూనే ఉంది.

శంషాబాద్‌లో మా ఇంటి మేడ మీద ఒక కుటుంబం కిరాయికి ఉంటుంది. భర్త విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఆయన తండ్రి మామిడిపల్లి వైపు రైతు. భూమిలో కొంత రోడ్డు కింద పోయింది, మిగిలిన దాంట్లో ఆకుకూరలు వేస్తాడు. పొద్దున్నే బస్సెక్కి పొలానికి పోయి సాయంత్రానికి తిరిగొస్తాడు. కోడలు విమానాశ్రయంలో కాంట్రాక్టు కంపెనీ తరఫున నేల తుడుస్తుంది. ఏడేళ్లుగా అదే పని. ప్రయాణికుల బూట్ల గుర్తులు తుడవడం, మళ్లీ గుర్తులు పడటం, మళ్లీ తుడవడం.

ఆమె డ్యూటీలు చేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసింది. ఆ సంగతి ఆమె పనిచేసే చోట ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉన్నట్టుండి ఒకరోజు కంపెనీవాళ్లు, డిగ్రీ ఉన్న కాంట్రాక్టు మనుషులు పరీక్ష రాయవచ్చని, నెగ్గినవాళ్లను కార్గో విభాగంలో కాగితాలు చూసే పనికి తీసుకుంటామని చెప్పారు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. ఆమెకు ముప్పై నాలుగు నిండి నెలలు గడిచాయి. అంటే ఆమెకు ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

పరీక్ష ఇంటి నుంచే, సొంత కంప్యూటరు మీద రాయాలి. దానికోసం కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆరింటిలోగా దాన్ని ఎక్కించుకుని, కెమెరా, మైకు అన్నీ సరిగ్గా ఉన్నాయని అదే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి పంపాలి. పంపకపోతే పేరు తీసేస్తారు. అదీ నియమం.

ఆ ముందురోజు పన్నెండున్నరకు ఆమె మెట్ల మీద నుంచి నన్ను పిలిచింది.

"టీచరమ్మా, జర పైకొస్తరా? ఇదేందో ఎక్కుతలేదు."

నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం వేదికలెక్కి మూఢనమ్మకాల మీద వాదించాను. గ్రహణం రోజున గర్భిణులను వెంటబెట్టుకుని ఆరుబయట భోజనాలు చేయించినదాన్ని. కాబట్టి ఆ గదిలోకి అడుగుపెట్టగానే నా కళ్లు ముందు కంప్యూటరు తెర మీద కాదు, దానికి కట్టిన నిమ్మకాయ మీద పడ్డాయి. నిమ్మకాయ, దాని కింద ఏడు పచ్చి మిరపకాయలు, తెరకు నుదుట కుంకుమ బొట్టు.

"ఈ నిమ్మకాయ ఏ కీ నొక్కుతుందమ్మా?" అన్నాను.

"పొద్దున మామ కట్టి పోయిండు. వద్దంటే చిన్నబోతడు. మీరు దాన్ని చూడకుండ్రి టీచరమ్మా, దీన్ని చూడుండ్రి." ఆమె తెర వైపు వేలు పెట్టి చూపించింది.

ఆ జవాబు సరైనదే. కానీ ఆ రోజు నేను ఆ నిమ్మకాయనే చూస్తూ ఉండిపోయాను. దాని ఫలితం కాసేపట్లో అనుభవించాను.

కంప్యూటరు కొత్తది కాదు. నాలుగు నెలల క్రితం మెయిన్ రోడ్డు మీద వాడిన కంప్యూటర్లు అమ్మే దుకాణంలో మామగారే కొనిచ్చాడు. ఇన్నాళ్లూ ఆమె దాని మీద టైపింగ్, ఎక్సెల్ సాధన మాత్రమే చేసింది. ఇంటర్నెట్ పనులన్నీ ఫోన్‌లోనే. పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను కూడా ఫోన్‌లోకి దించుకుని, వైరుతో కంప్యూటరులోకి పంపింది. ఫోన్ హాట్‌స్పాట్ ద్వారా కంప్యూటరుకు ఇంటర్నెట్ అందించడం అదే మొదటిసారి.

మొదటి అడ్డంకి పాస్‌వర్డ్. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలని విండోస్ అడిగింది. ఆ అనుమతి ఇంటివాళ్ల దగ్గర లేదు. దుకాణంవాడి దగ్గరుంది! ఎవరి డబ్బుతో కొన్న యంత్రం, ఎవరి అనుమతి? ఫోన్ చేశాను.

"రాసుకోండి మేడం," అంటూ తొమ్మిదంకెలు చెప్పాడు దుకాణం యజమాని. "అన్ని కూడితే ఆఖరికి తొమ్మిదే వస్తది. లక్కీ నంబర్. అందరికీ గదే పెడుత."

"అందరికీ ఒకటేనా? అంటే నీ దగ్గర కొన్న ప్రతి కంప్యూటరుకూ ఇదే తాళం చెవా?"

"కలిసొస్తది మేడం."

"దొంగకు కలిసొస్తుంది," అని ఫోన్ పెట్టేశాను.

అంకెలు కొట్టాం, అనుమతి దొరికింది, పచ్చ గీత బయలుదేరింది. అరవై ఎనిమిది దగ్గర ఎర్ర గుర్తు. కింద ఇంగ్లిషులో ఒక వాక్యం: ఇన్‌స్టలేషన్ పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నించండి. మళ్లీ ప్రయత్నించాం. మళ్లీ అక్కడే.

ఆమె కంపెనీ ఇచ్చిన సహాయ కేంద్రానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. కోస్తా వైపు యాసలో, ఎంతో మర్యాదగా మాట్లాడే ఒక యువకుడు పలికాడు.

"ముందుగా మీ సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేయండి మేడం."

"చేశాం బాబూ," అన్నాను నేను.

"అయితే మరొక్కసారి చేయండి మేడం."

"మొదటిసారి పనిచేయనిది రెండోసారి ఎందుకు పనిచేస్తుంది?"

"ఒక్కోసారి పనిచేస్తుందండి. మూడుసార్లు చేసి చూడండి."

"మూడే ఎందుకు? నాలుగు ఎందుకు కాదు?"

అటువైపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత, "మా దగ్గర అలాగే రాసుందండి," అన్నాడు.

చూశారా? గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయమనే మనిషిని నేను నలభై ఏళ్లు వెక్కిరించాను. ఏసీ గదిలో కూర్చుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని, కారణం ఏమిటో అడగకుండా, ఏ గుర్తు వచ్చిందో చదివి వినిపించమనకుండా మూడుసార్లు ఆపి వెలిగించమనే మనిషిని ఏమనాలి? వాడిలో భక్తి కూడా లేదు. తతంగం ఒక్కటే మిగిలింది. అయినా ఆమె ముఖం చూసి నేను నోరు మూసుకున్నాను. మూడుసార్లూ ఆపి వెలిగించాం. అర్ధగంట పోయింది. గీత అక్కడే ఆగింది.

అప్పుడు నేను నా పద్ధతి మొదలుపెట్టాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక చూడాలి, ఫలితం రాసుకోవాలి. ప్రయోగశాలలో పిల్లలకు నేర్పినది అదే. డిస్కులో చోటు చూశాను. కావలసినంత ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు కావలసిన విండోస్ రకం, ఈ కంప్యూటరులో ఉన్న రకం సరిపోయాయి. మునుపు సగంలో ఆగిన ముక్కలు మిగిలి అడ్డుపడుతున్నాయేమోనని వాటిని తీసేశాను. యాంటీవైరస్‌ను కాసేపు ఆపి చూశాను. ఫైలు దిగేటప్పుడు చెడిందేమోనని ఆమె మళ్లీ దించింది. ప్రతిదీ కాగితం మీద రాశాను. ప్రతిదాని పక్కనా అరవై ఎనిమిది అనే రాశాను.

మధ్యమధ్య గంట ఎంతయిందో తెర మూలలో చూస్తూనే ఉన్నాను. రెండు. రెండూ నలభై. మూడూ పది. నా చేతి గడియారంతో సరిచూసుకున్నాను కూడా. నిమిషం తేడా లేదు.

ఆమె స్టూలు మీద కూర్చుని ఎక్సెల్ నోట్సు తిరగేస్తోంది. మర్నాటి పరీక్షకు చదువుతోందన్నమాట, ఆ పరీక్ష ఉంటుందో లేదో తెలియకుండానే. ఒకసారి మాత్రం, "పేరు తీసేస్తే మల్ల పెట్టరా టీచరమ్మా?" అని అడిగింది. పెట్టరని ఇద్దరికీ తెలుసు.

మూడున్నరకు దుకాణం యజమాని స్కూటరేసుకుని తానే వచ్చాడు. మధ్యాహ్నం ఫోన్‌లో నేనన్న మాట మనసులో పెట్టుకోలేదనే చెప్పాలి. నలభై ఏళ్లుంటాయి, మంచి మాటకారి.

"అక్కా, పరేషాన్ కాకు," అన్నాడు ఆమెతో. తెర చూసి, నిమ్మకాయ చూసి, తల పంకించాడు. "బండికి దిష్టి గట్టిగనే తాకింది. ఫార్మాట్ కొడితే సాఫ్."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"మూడు గంటలు. మల్లన్నీ ఎక్కించాలె గద మేడం."

"ఆరింటికి గడువు. ఇప్పుడు మూడూ ముప్పై అయిదు. నువ్వు లెక్కలు రాయి, నేను చూస్తాను."

"మరి మీరు మూడు గంటల సంది ఏం చేసిండ్రు మేడం?" అన్నాడు నవ్వుతూ.

గుచ్చుకుంది. గుచ్చుకోవాలి కూడా. నేను చేసినవన్నీ చెబుదామని కాగితం తీశాను. గట్టిగా చదువుతుంటే నాకే తెలిసింది, అన్నీ చూశాను గానీ ఆ ఎర్ర గుర్తు పక్కన వాక్యం కింద చిన్న అక్షరాలతో ఉన్న 'వివరాలు' అనే మాటను నొక్కలేదు. ఏడుసార్లు కనిపించింది. ఏడుసార్లూ దాన్ని మూసేసి నా తెలివితేటల వెంట పరుగెత్తాను. యంత్రం ఏం చెబుతోందో వినకుండా దానికి వైద్యం మొదలుపెట్టాను. దుకాణంవాడు దిష్టి అన్నాడు, సహాయ కేంద్రం మూడుసార్లు అంది, నేను డిస్కు అన్నాను. ముగ్గురిలో ఒక్కరమూ చదవలేదు.

నొక్కాను. నాలుగు వరుసలు వచ్చాయి. మూడు వరుసలు అంకెలే. నాలుగోది మామూలు ఇంగ్లిషు: సర్వరు చూపిన సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు.

"అంటే?" అంది ఆమె, నోట్సు మూసేసి.

"ఈ సాఫ్ట్‌వేర్ సగం ఎక్కాక మీ కంపెనీ సర్వరుతో మాట్లాడాలి. మాట్లాడే ముందు, నువ్వు నిజంగా ఫలానావాడివేనా, కాగితం చూపించు అంటుంది. ఆ కాగితం మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో ఉంటుంది. ఇంకా చెల్లే రోజు రాలేదంటోంది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "మా గేటు పాసు లెక్క. ఒకటో తారీఖు సంది పాసు అని ఉంటే, దానికి ముందటి రోజే పోతే సెక్యూరిటీ ఆయన లోపలికి రానియ్యడు."

"అదే."

"మరి కంపెనీ కాగితం తప్పు ఉంటే, వేరేటోళ్లందరికీ ఎట్ల ఎక్కింది? మా దోస్తుకు నిన్ననే ఎక్కింది." ఆమె లేచి తెర దగ్గరకు వచ్చింది. "అయితే కాగితం మంచిదే. గేటు కాడ ఉన్నాయనకే ఇయ్యాల ఏ తారీఖో తెల్వదు."

నేను భౌతికశాస్త్రం ముప్పై ఏళ్లు చెప్పినదాన్ని. ఆమె నేల తుడిచే మనిషి. ఆ మాట నాకంటే ముందు ఆమె నోటి నుంచి వచ్చింది. ముగ్గురమూ ఒకేసారి తెర కుడిమూలకు చూశాం. గంట సరిగ్గానే ఉంది. గంట కింద తేదీ ఉంది. ఆ తేదీ అయిదు వారాలు వెనక ఉంది.

రోజంతా నేను ఆ మూలకు చూస్తూనే ఉన్నాను. గంట కోసం వెతికిన కంటికి తేదీ కనిపించలేదు.

తేదీ దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు విండోస్‌లో ఉంటుంది. తెరిచి చూస్తే ఎవరో దాన్ని ఆపేసి ఉంచారు. కంప్యూటరు లోపలి గడియారం బ్యాటరీ అయిపోతే గంట కూడా తప్పాలి. గంట సరిగ్గా ఉంది, తేదీ ఒక్కటే తప్పు. అంటే ఎవరో కావాలని చేసిన పని. నేను దుకాణంవాడి వైపు తిరిగాను. అప్పటికే వాడు గోడ క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

"ఇది నువ్వే చేశావా?"

"మేడం, జర నా మాట వినండి. గప్పుడు మూఢం నడుస్తుండె."

"నడిస్తే?"

"మూఢంల ఎవడు కొంటడు చెప్పండి? పొద్దంత దుకాణంల ఈగలు కొట్టుకుంట కూసున్న. ఈ పెద్దాయన వచ్చిండు. కోడలికి కంప్యూటర్ కావాలె, గని మూఢం పోయినంక తీసుకుంట అన్నడు. నేనన్న, బాపూ, మనకు మనదే తారీఖు, కంప్యూటర్‌కు దానిది దానికి సొంత తారీఖు ఉంటది. మూఢం రాకముందటి మంచిరోజు పెట్టి మొదలుపెడుత, ఇగ దానికి మూఢం సంగతే తెల్వది. ఆయన ఖుష్ అయిండు. కొబ్బరికాయ కొట్టి మరీ తీస్కపోయిండు."

"తర్వాత సరిచేయాలని అనిపించలేదా?"

"అనుకున్న. యాది మర్చిన."

"ఇలా ఎన్నింటికి చేశావు?"

"గా మూఢంల అమ్మినయన్ని... పదో, పన్నెండో."

అప్పుడు వచ్చిన కోపం నాకు ఇంకా గుర్తుంది. పది పన్నెండు ఇళ్లలో పది పన్నెండు యంత్రాలు తప్పుడు రోజులో బతుకుతున్నాయి. అందులో ఎవరి దరఖాస్తు ఆగిపోయిందో, ఎవరు దిష్టి తీయించుకున్నారో, ఎవరు వీడికే మళ్లీ ఫార్మాట్ చేయించుకున్నారో!

"నువ్వు నమ్ముతావా మూఢాన్ని?" అని అడిగాను. వాదాలన్నిటిలో నేను ముందుగా అడిగే ప్రశ్న అదే.

వాడు పగలబడి నవ్వాడు. "నేనా? నా పెండ్లే మూఢంల అయింది మేడం. రిజిస్టర్ ఆఫీసుల. ఇద్దరు పిల్లలు, మంచిగనే ఉన్నం."

నమ్మే రైతు మీద నాకు కోపం లేదు. వాన ఎప్పుడొస్తుందో, రోడ్డు ఎప్పుడొస్తుందో తెలియని మనిషి ఏదో ఒకదాన్ని పట్టుకుంటాడు. ఆయనతో కూర్చుని మాట్లాడవచ్చు. ఈ మనిషి నమ్మడు. తన పెళ్లికి నమ్మలేదు, తన పిల్లలకు నమ్మలేదు. పక్కవాడి నమ్మకాన్ని మాత్రం గల్లాపెట్టె పక్కన పెట్టుకుని అమ్ముతాడు. నా నలభై ఏళ్ల వాదాల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లలో నిజమైన భక్తులు కొందరే. మిగతావాళ్లంతా వీడే. ఇదంతా వాడికి చెప్పాను. గట్టిగానే చెప్పాను, పక్కింటి వాళ్లు బయటికొచ్చేటంత గట్టిగా.

వాడు ఓపిగ్గా విన్నాడు. విని, "ఒక్క మాట మేడం. నేను గట్ల చెప్పకపోతే పెద్దాయన మూఢం పోయేదాంక కొనకుండె. ఈ అక్క అన్ని రోజులు దేని మీద నేర్చుకుంటుండె? మీ మాట విని కొనేటోడా ఆయన?" అన్నాడు.

నిజం చెప్పాలి. మేడ మీది పెద్దాయనతో నాలుగేళ్లుగా రోజూ నమస్కారాలు, ఆకుకూరలు ఇచ్చిపుచ్చుకున్నాను గానీ, ఒక్కసారైనా మూఢం గురించి మాట్లాడలేదు. నా ఉపన్యాసాలన్నీ ఊరవతల వేదికల మీదే.

"మీ కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి," అంది ఆమె. "నాలుగున్నరైంది."

మౌస్ నేను అందుకోబోయాను. "నేనే మారుస్త" అని ఆమె తీసుకుంది. తేదీ పెట్టె తెరిచింది. కానీ వేలు నొక్కలేదు.

"ఏమైంది? నువ్వూ నమ్ముతావా?"

"నమ్మనని ధైర్యంగ చెప్పలేను టీచరమ్మా. ఏడేండ్ల సంది తుడుస్తున్న. రేపటికి ఏదన్న ఒక్కటి నా దిక్కు ఉంటే మంచిగుండు అనిపిస్తది." గట్టిగా ఊపిరి తీసుకుంది. "గని ఇది నా దిక్కు లేదు గద. నా పేరే తీసేపిస్తుంది."

నొక్కింది. తేదీ అయిదు వారాలు ముందుకు దూకింది. ఆకాశం విరిగిపడలేదు. దానంతటదే సరిచేసుకునే ఏర్పాటును కూడా ఆమే మళ్లీ పెట్టింది. పచ్చ గీత బయలుదేరి అరవై ఎనిమిది దాకా వచ్చింది. దుకాణంవాడు కూడా ఊపిరి బిగబట్టాడు. అరవై తొమ్మిది అయింది. డెబ్భై అయింది. అక్కడి నుంచి నీళ్లలా జారిపోయి వందకు చేరింది.

పని అక్కడితో అయిపోలేదు. కెమెరాలో ఆమె ముఖం ఒప్పుకుంది. మైకు దగ్గర పేచీ వచ్చింది. గది నిశ్శబ్దంగా ఉందో లేదో ఇరవై సెకన్లు వింటుంది. మా ఇంటి మీద నుంచి విమానాలు లేస్తాయి. మొదటిసారి పన్నెండో సెకనుకు ఒకటి వచ్చింది. రెండోసారి ఇంకొకటి. దుకాణంవాడు బాల్కనీలోకి పరుగెత్తి ఆకాశం చూస్తూ, "ఆగు ఆగు, ఒకటొస్తుంది... పోయింది, ఇప్పుడు కొట్టక్కా!" అని చేయి ఊపాడు. అయిదూ యాభైకి 'సిద్ధం' అనే మాట తెర మీదకు వచ్చింది.

వాడు వెళ్లాక ఆమె నా చేయి పట్టుకుంది.

"తారీఖు మార్చిన సంగతి మామకు చెప్పకుండ్రి టీచరమ్మా. పరీక్ష అయ్యేదాంక. తెలిస్తే రాత్రంత నిద్రపోడు, నన్ను రాయనియ్యడు."

ఒప్పుకున్నాను. నా బతుకులో నేను చేసిన వాగ్దానాల్లో అంత ఇష్టం లేకుండా చేసింది ఇంకొకటి లేదు. ఆయన పొలం నుంచి వచ్చి మెట్లెక్కుతూ, "ఎక్కిందా టీచరమ్మా?" అని అడిగితే, "ఎక్కింది" అని మాత్రం అన్నాను. ఆయన పైకి చూసి దండం పెట్టుకున్నాడు. నేను లోపలికి వచ్చి తలుపు గట్టిగా వేసుకున్నాను.

మర్నాడు పరీక్ష రాసింది. మూడు వారాలకు ఫలితం వచ్చింది. ఆమె పేరుంది.

ఆ సాయంత్రం మా వాకిట్లో మామగారు జిలేబీ పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఆయన ఊరి మనిషి ఇంకొక రైతు. ఆయనకూ డిగ్రీ చదివే బిడ్డ ఉందట, కంప్యూటరు కొనాలట.

"తీసుకోండ్రి టీచరమ్మా," అని పొట్లం నా ముందు పెట్టాడు. "మీరు నమ్మరని నాకెరికే. గని చూసిండ్రా? మంచి తారీఖుల మొదలుపెట్టినం. ఎంతమంది రాసిండ్రో, మా కోడలికొచ్చింది. ఇగో, ఈయనను గా దుకాణానికే తోల్కపోతున్న. గిప్పుడు గూడ రోజులు మంచిగ లెవ్వు, గని ఆయన పాత తారీఖు పెట్టిస్తడు."

జిలేబీ నా చేతిలోనే ఉండిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి మేడ మీద లైటు వెలగడం ఆరు నెలలు నేను చూశాను. ఆ ఆరు నెలలను ఈయన తీసుకెళ్లి ఒక తారీఖుకు కట్టబెడుతున్నాడు. ఇంకొకరి బిడ్డకు అదే ఉచ్చు తగిలిస్తున్నాడు. ఎవరి మేలు కోరి? నిజంగానే మేలు కోరి! మాట నా నాలుక చివరకు వచ్చింది. కానీ అది నా మాట కాదు. చెప్పనని ఒప్పుకున్నది నేనే.

ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది.

"మామా," అంది. "గా తారీఖు నేను మార్చిన."

"ఏంది?"

"పరీక్షకు ముందటి రోజే. కంప్యూటర్‌ల ఉన్న పాత తారీఖు తీసేసి, అసలు తారీఖు పెట్టిన. పెట్టినంకనే సాఫ్ట్‌వేర్ ఎక్కింది. పెట్టకపోతే పరీక్షే లేకుండె."

ఆయన ముఖం ఎర్రబడింది. ముందు నావైపు చూశాడు, ఇదంతా నా పనే అన్నట్టు. "తారీఖులు మార్చుకునే పెద్ద పెద్దోళ్లు బతుకుతున్నరు. రోడ్డుకు పోయిన మన భూమి నోటీసు మీద పాత తారీఖు ఏసి తెచ్చి, గడువు అయిపోయిందని చెప్పలేదా? నాకు నోరు లేకుండ చెయ్యలేదా? గది తప్పు కానిది, నా కోడలి కోసం నేనొక మంచిరోజు పెట్టిస్తే తప్పా?"

"గదే చెప్తున్న మామా." ఆమె గొంతు పెంచలేదు. "గా పాత తారీఖుతోని నీకు గడువు పోయింది. ఈ పాత తారీఖుతోని నాకు గూడ పోతుండె."

నలభై ఏళ్లలో నేను విన్న వాదాల్లో ఇంత పొట్టిగా, ఇంత సూటిగా తగిలినది ఇంకొకటి గుర్తుకు రావడం లేదు. పక్కన రైతు జిలేబీ నమలడం ఆపేశాడు.

"మరి నౌకరెట్ల వచ్చింది?" అన్నాడు మామగారు చివరికి. కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"చదివిన మామా. పొద్దుగాల నాలుగింటికి లేసి ఆరు నెలలు చదివిన. నువ్వే గద రోజు చాయ పెట్టి ఇచ్చినవ్."

ఆయన పొట్లాన్ని అరుగు మీద పెట్టి మెల్లగా మెట్లెక్కాడు. వెనకే మేమంతా ఎక్కాం. కంప్యూటరు వెలిగించమన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని తెర కుడిమూలకు వంగాడు, చొక్కా జేబులోంచి తన ఫోన్ తీసి పక్కన పెట్టి, ముందు ఇది, తర్వాత అది, వేలితో ఒక్కో అంకె చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"రెండు ఒక్కటే ఉన్నయి," అన్నాడు.

తర్వాత తన ఊరి మనిషి వైపు తిరిగాడు. "పోదాం పా. నీ ఫోన్ మర్చిపోకు. వాడు కంప్యూటర్ చేతికి ఇచ్చేముంగట గిట్లనే పక్కపక్కన పెట్టి చూసుకుందం."